ఉబ్బెత్తు అక్షరం: పనిముట్టు ఎవరిది?

1

పాతబస్తీలో పత్తర్‌గట్టీకి దగ్గరనే ఉన్న ఛత్తా బజారు పెళ్లి పత్రికలకు పేరుపడ్డ చోటు. అక్కడ అచ్చయిన మంచి పత్రిక మీద వేలు పెట్టి చూస్తే అక్షరం వేలికి తగులుతుంది. వధూవరుల పేర్లు కాగితం మట్టాన్ని మించి ఉబికి ఉంటాయి. అచ్చుకు పోయేముందు అదే పత్రికను కంప్యూటరు తెర మీద చూపిస్తారు. అక్కడా అక్షరం ఉబికినట్టే ఉంటుంది. ఒక అంచున వెలుగు, ఇంకో అంచున నీడ కనిపిస్తాయి. కాని వేలు పెడితే తగిలేది అద్దం. మొదటిది పొడవు, వెడల్పు, లోతు అనే మూడు కొలతలూ ఉన్న వస్తువు. రెండవది లోతు ఉన్నదని కంటిని ఒప్పించే బొమ్మ.

ఒప్పించటం అనేది ఒక పని. ఆ పనికి నైపుణ్యం కావాలి, పనిముట్టు కావాలి. బల్లపరుపు తలం మీద ఘనవస్తువును సృష్టించే పనిముట్లు ఎలా పుట్టాయి, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోయాయి, మళ్లీ కొంతవరకైనా పనివాడి చేతికి ఎలా వచ్చాయి అన్నది ఈ వ్యాసంలో పరిశీలించదలచిన విషయం.

దీన్ని గురించి రెండు రకాల మాటలు తరచు వింటాం. కంప్యూటరు వచ్చింది, కళ చచ్చిపోయింది అని ఒకరు విచారిస్తారు. కాలం మారింది, పాతది పోతుంది, కొత్తది వస్తుంది, ఇందులో విచారించటానికేముంది అని మరొకరు కొట్టిపారేస్తారు. పైకి విరుద్ధంగా కనిపించే ఈ రెండు వాదాలకూ ఒకే లోపం ఉన్నది. రెండూ యంత్రాన్ని చూస్తున్నాయి గాని, ఆ యంత్రం ఎవరి సొత్తు అన్న ప్రశ్న వెయ్యటం లేదు. ఆ ప్రశ్న వెయ్యకుండా పనిముట్ల చరిత్ర రాయటమంటే దున్నేవాణ్ణీ దొరనూ వదిలేసి నాగలి చరిత్ర రాయటం వంటిది.

2

పాతబస్తీకి ఈ విద్య కొత్త కాదు. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన చార్మినారు మీది గచ్చుపనిని ఉదయం ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి చూడాలి. పూలు, తీగలు, కమాను అంచులు అన్నీ ఒకే సున్నంతో చేసినవే. పువ్వుకూ దాని వెనకనున్న గోడకూ రంగులో తేడా లేదు. అయినా పువ్వు విడిగా కనిపిస్తున్నదంటే కారణం నీడ. ఎండ ఏటవాలుగా పడే వేళ రేకలు స్పష్టంగా లేచి వస్తాయి. ఎండ ఎదురుగా పడితే అదే పువ్వు గోడలో కలిసిపోతుంది. గచ్చు మేస్త్రీ మలిచినది సున్నాన్నే అయినా, అతను నిజంగా లెక్కకట్టినది వెలుగును. ఎక్కడ ఎంత లోతు తీస్తే ఎంత నీడ పడుతుందో అతని చేతికి తెలుసు.

దానికి కొద్ది దూరంలో ఉన్న బాదుషాహీ ఆషుర్‌ఖానాలో మరో పద్ధతి కనిపిస్తుంది. అక్కడి గోడల నిండా రంగు పలకల పని ఉన్నది. పలక నునుపుగా ఉంటుంది కనుక నీడకు చోటు లేదు. అంతా రంగుల పొందికతోనే నడవాలి. 1908లో మూసీకి వచ్చిన వరదలో ఆ పలకల పని కొంత దెబ్బతిన్నది. పోయినచోట పలకలను పోలిన రంగుబొమ్మ వేసి సరిపెట్టారు. దూరం నుంచి చూస్తే ఒకటిగానే ఉంటుంది. దగ్గరికి పోతే ఏది పలకో, ఏది పలక బొమ్మో తెలుస్తుంది. వస్తువుకూ వస్తువు బొమ్మకూ గల తేడాను ఇంత తేటగా చూపించే గోడలు తక్కువ.

ఆనాటి మేస్త్రీ స్వేచ్ఛాజీవి అని భ్రమపడనక్కరలేదు. అతను కట్టినది రాజు కోసం. శిలాశాసనం మీద పడ్డది రాజు పేరు. సున్నం గానుగ తిప్పిన కూలీల పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు. ఫ్యూడల్ యుగాన్ని చూసి కన్నీరు కార్చటం అభ్యుదయ దృక్పథం కాదు. కాని ఒక్క విషయం మాత్రం గమనించాలి. తాపీ, ఉలి, అచ్చు వంటివి మేస్త్రీ దగ్గరే ఉండేవి. పగిలితే తానే బాగుచేసుకునేవాడు, చాలకపోతే కొత్తది చేసుకునేవాడు, కొడుక్కో శిష్యుడికో ఇచ్చేవాడు. శ్రమఫలితం అతనిది కాకపోయినా, పనిముట్టులోని రహస్యం అతనికి తెలియనిది కాదు.

3

ఉర్దూ అచ్చు చరిత్రలో ఈ సంబంధం చాలాకాలం దాకా చెక్కుచెదరలేదు. ఇందుకు కారణం నస్తాలీఖ్ లిపి స్వభావం. తెలుగుకూ ఇంగ్లీషుకూ చేసినట్టు విడి అక్షరాలను సీసంలో పోతపోసి పేర్చటానికి ఆ లిపి లొంగదు. అక్షరం పక్క అక్షరాన్ని బట్టి రూపు మారుతుంది. పదం పైనుంచి కిందికి వాలుతూ నడుస్తుంది. అందువల్ల ఉర్దూ అచ్చు రాతి ముద్రణను పట్టుకున్నది. లేఖకుడు, అంటే కాతిబ్, పూత పూసిన కాగితం మీద ప్రత్యేకమైన సిరాతో రాస్తే, ఆ రాతను రాతిమీదికి దింపి అచ్చువేసేవారు. తరవాత ఆఫ్‌సెట్ యంత్రం వచ్చినా మొదట రాయవలసినది కాతిబే. పుస్తకమైనా, దినపత్రికైనా, గోడ మీది కరపత్రమైనా అతని కలం కిందినుంచి రావలసిందే.

కాతిబ్ విద్యకు కచ్చితమైన కొలత ఉన్నది. కలం ఏటవాలు మొనతో పెట్టిన చుక్కే ఆ కొలబద్ద. ఏ అక్షరం ఎన్ని చుక్కల ఎత్తుండాలో, వంపు ఎన్ని చుక్కల వెడల్పు తిరగాలో నియమాలున్నాయి. ఏళ్ల తరబడి సాధన చేస్తే గాని చెయ్యి కుదరదు. ఛత్తా బజారు ఈ కాతిబులకూ ప్రెస్సులకూ కేంద్రమయింది. పెళ్లి పత్రిక మీద ఉబ్బెత్తు పేరు కావాలంటే కాతిబ్ రాసిన అక్షరాన్ని లోహం మీద గుంటగా చెక్కేవారు. దానికి సరిపోయే ఉబుకు అచ్చును ఇంకొకటి తయారుచేసేవారు. రెంటి నడుమ కాగితం పెట్టి అదిమితే అక్షరం పైకి లేచేది. అంటే అక్షరం ఒక చేతి నుంచి ఇంకో చేతికి పోయేది, ఆ రెండు చేతులకూ పని దొరికేది.

మార్పు 1981లో మొదలయింది. మీర్జా అహ్మద్ జమీల్ అనే పాకిస్తాన్ లేఖకుడు వేలకొద్దీ అక్షర సమాసాలను స్వహస్తంతో రాయగా, మోనోటైప్ కంపెనీ వాటిని కంప్యూటరులోకి ఎక్కించింది. దాని పేరు నూరీ నస్తాలీఖ్. లాహోరులో జంగ్ పత్రిక ఆ యేడే దానితో అచ్చయింది. 1994లో ఢిల్లీ కంపెనీ ఒకటి తయారుచేసిన ఇన్‌పేజ్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చాక మామూలు కంప్యూటరు మీదనే నస్తాలీఖ్ కూర్చటం సాధ్యపడింది. తరవాతి కొద్ది సంవత్సరాలలో ఛత్తా బజారు కాతిబులలో చాలామందికి పని పోయింది. కొందరు కీబోర్డు ముందు కూర్చున్నారు, కొందరు సైన్‌బోర్డులకూ అలంకారపు రాతలకూ పరిమితమయ్యారు, కొందరు వృత్తే మానుకున్నారు.

ఇక్కడ జాగ్రత్తగా ఆలోచించాలి. కాతిబు కడుపు కొట్టినది ఎవరు? యంత్రమా? ఆ యంత్రంలో ఉన్నది కూడా ఒక కాతిబు చేతిరాతే. ఒక మనిషి శ్రమ నిలవచేసిన సరుకుగా మారి, సజీవులైన వేలమంది శ్రమతో పోటీకి దిగింది. పెట్టుబడి అంటే పోగుపడ్డ మృతశ్రమ అని మార్క్సు చెప్పినదానికి ఇంతకంటే సులభమైన ఉదాహరణ పాఠశాలలో కూడా దొరకదు. పైగా ఆ సరుకుకు తాళం వేశారు. పాత ఇన్‌పేజ్‌లో కూర్చిన వచనం దాని సొంత సంకేతాలలోనే ఉండేది, ఇంకో కార్యక్రమంలో తెరిస్తే చదవటానికి వీల్లేదు. అందుకే ఉర్దూ పత్రికలు చాలాకాలం తమ పేజీలను ఇంటర్నెట్టులో బొమ్మలుగా పెట్టాయి. చూడవచ్చు గాని వెతకటానికి లేదు. తెలుగువాళ్లం ఇతరులను చూసి జాలిపడనక్కరలేదు. అను ఫాంట్లలో కూర్చిన మన పుస్తకాల గతీ అదే. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, ఎన్ని ఏళ్ల తెలుగు రచన ఈ తాళాల వెనక ఉండిపోయిందో ప్రచురణ రంగంలో ఉన్నవారికి తెలుసు.

4

అక్షరం సంగతి ఇది. దానికి లోతు కల్పించే విద్య మరోచోట పెరిగింది. వెలుగు ఎలా ప్రసరిస్తుందో, కన్ను ఎలా చూస్తుందో 11వ శతాబ్దంలో ఇబ్న్ అల్ హైతమ్ అరబ్బీలో సవిస్తరంగా రాశాడు. దూరాన్ని చదునైన తలం మీద చూపే సూత్రాలను 1435లో ఇటలీలో ఆల్బెర్టీ గ్రంథస్థం చేశాడు. కాని ఘనవస్తువు మీద పడే వెలుగును యంత్రంతో లెక్కకట్టించే శాస్త్రం అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో 1970 ప్రాంతాల రూపొందింది. ఆ విభాగానికి డబ్బిచ్చినది అమెరికా రక్షణశాఖకు చెందిన పరిశోధన సంస్థ.

1971లో ఆన్రీ గురో అనే ఫ్రెంచివాడు, పలకలు పలకలుగా ఉన్న ఘనాన్ని నున్నగా కనిపించేటట్టు వెలుగు నింపే పద్ధతి చెప్పాడు. అంతకంటే మెరుగైన సూత్రం 1973లో తన పరిశోధన గ్రంథంలో ఇచ్చినవాడు బుయ్ తుయోంగ్ ఫోంగ్. ఇతను హనోయిలో పుట్టిన వియత్నామీయుడు. ఏ రక్షణశాఖ అతని దేశం మీద బాంబులు కురిపించిందో ఆ శాఖ సొమ్ముతో నడిచిన విభాగంలోనే అతను పనిచేశాడు. అతని వ్యాసం 1975లో అచ్చయింది. ఆ సంవత్సరమే, ఇంకా చిన్న వయసులోనే, అతను చనిపోయాడు.

ఫోంగ్ సూత్రం అర్థం కావటానికి లాడ్ బజారులోని లక్కగాజు చాలు. గాజు మీద చుట్టుపక్కల నుంచి పడే మసకవెలుగు అంతటా సమానంగా ఉంటుంది. దీపం వైపు తిరిగిన భాగం ఎక్కువ కాంతిగా, పక్కకు తిరిగినది తక్కువ కాంతిగా ఉంటుంది. వీటికి తోడు ఒకచోట తళుక్కుమనే చుక్క ఉంటుంది. మనం తల కదిపితే అదీ కదులుతుంది. ఈ మూడింటినీ విడివిడిగా లెక్కించి కలపటమే ఆ సూత్రం. 1978లో జేమ్స్ బ్లిన్ మరో అడుగు వేశాడు. తలాన్ని నిజంగా ముడతలు పెట్టనక్కరలేదు, అది ఎటు తిరిగి ఉన్నదన్న లెక్కను కొంచెం అటూ ఇటూ చేస్తే ముడతలు ఉన్నట్టే వెలుగు పడుతుందని చూపించాడు. చార్మినారు మేస్త్రీ సున్నంతో చేసినదాన్ని బ్లిన్ సున్నం లేకుండా చేశాడన్నమాట.

ఈ శాస్త్రజ్ఞులు తమ ఫలితాలను దాచుకోలేదు. 1975లో మార్టిన్ న్యూవెల్ తన ఇంట్లోని టీ కెటిల్‌ను గళ్ల కాగితం మీద గీసి దాని కొలతలను అంకెలుగా మార్చాడు. ఆ అంకెలు చేతులు మారి ప్రపంచమంతటా తిరిగాయి. త్రిపరిమాణ చిత్రణ నేర్చుకునే ప్రతివాడూ ఆ కెటిల్ మీదనే చెయ్యి తిప్పుకున్నాడు. ప్రజల పన్నుతో పుట్టిన జ్ఞానం వ్యాసాలుగా అందరికీ అందింది. కాని ఆ జ్ఞానాన్ని సాఫ్ట్‌వేర్‌గా మూటగట్టి అమ్మిన కంపెనీలు మాత్రం మూట విప్పి చూడరాదన్నాయి. 1990లో ఫోటోషాప్ వచ్చింది. అది గొప్ప పనిముట్టే, కాదనటం మూర్ఖత్వం. కాని దాన్ని కొన్నవాడికి దాని లోపల ఏమున్నదో చూసే హక్కు లేదు, మార్చే హక్కు లేదు, పక్కవాడికి ఇచ్చే హక్కు లేదు. 2013 నుంచి ఆ కంపెనీ తన కొత్త వెర్షన్లను అమ్మటం కూడా మానేసి చందాకు ఇవ్వటం మొదలుపెట్టింది. చందా ఆగితే పనిముట్టు ఆగుతుంది. తాపీని అద్దెకిచ్చి, అద్దె కట్టని రోజు చేతిలోంచి లాక్కునే ఆసామి కుతుబ్‌షాహీల కాలంలో కూడా లేడు.

5

దీనికి ఎదురుతిరిగిన ఉద్యమం 1983 సెప్టెంబరులో మొదలయింది. రిచర్డ్ స్టాల్‌మన్ అనే ప్రోగ్రామరు గ్నూ అనే పథకాన్ని ప్రకటించాడు. సాఫ్ట్‌వేర్‌ను ఏ పనికైనా వాడుకునే స్వేచ్ఛ, లోపల చూసి మార్చుకునే స్వేచ్ఛ, ఇతరులకు పంచే స్వేచ్ఛ, మార్చినదాన్ని పంచే స్వేచ్ఛ, ఈ నాలుగూ అందరికీ ఉండాలన్నది దాని సూత్రం. 1989లో జీపీఎల్ అనే లైసెన్సు వచ్చింది. అందులోని తెలివైన షరతు ఒకటే: ఈ స్వేచ్ఛలను పొందినవాడు ఆ సాఫ్ట్‌వేర్‌ను మార్చి పంచేటప్పుడు అవే స్వేచ్ఛలను ఇతరులకు కూడా ఇవ్వాలి. ఉమ్మడి చెరువుకు ఎవడూ సొంత గట్టు వెయ్యకూడదన్నట్టు.

1995లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ అనే ఇద్దరు విద్యార్థులు బొమ్మలు దిద్దే కార్యక్రమం రాయటం మొదలుపెట్టి 1996లో విడుదల చేశారు. అదే గింప్. మొదట్లో దాని కిటికీలూ మీటలూ మోటిఫ్ అనే అమ్మకపు సామగ్రితో కట్టారు. ఆ సామగ్రి కొనలేనివారికి గింప్ పూర్తిగా అందలేదు. అందుకని ఆ కుర్రవాళ్లిద్దరూ సొంత సామగ్రిని తయారుచేశారు. దాని పేరు జీటీకే. 1997లో మెక్సికో యువకులిద్దరు దాని పునాది మీద గ్నోమ్ అనే పూర్తి పనివాతావరణాన్ని కట్టటం ప్రారంభించారు. ఒక పనిముట్టు కోసం చేసిన పనిముట్టు వేరే వందల పనిముట్లకు తల్లి అయింది. తాళం లేనిచోట జ్ఞానం ఎలా పెరుగుతుందో చెప్పటానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

గింప్‌లో ఘనరూపం కట్టే పద్ధతి చూద్దాం. నల్లని తలం మీద తెల్లని అక్షరం రాస్తాం. దాని అంచులను కొద్దిగా మసకచేస్తాం. ఇప్పుడు తెలుపు ఎత్తుకూ, నలుపు లోతుకూ, బూడిదరంగు నడిమి వాలుకూ గుర్తులు. ఈ బొమ్మను బంప్ మ్యాప్ అనే సాధనానికి అప్పగిస్తే, వెలుగు ఏ దిక్కు నుంచి వస్తున్నదో, ఎంత ఎత్తు నుంచి పడుతున్నదో అడుగుతుంది. దిక్కు 135 డిగ్రీలు, ఎత్తు 45 డిగ్రీలు అని తానే నింపి ఉంచుతుంది కూడా, అంటే ఎడమ పైమూల నుంచి. వెలుగు పైనుంచి వస్తుందనే మన కన్ను ఎప్పుడూ అనుకుంటుంది. వెలుగు దిక్కు తిప్పి కిందినుంచి పడేటట్టు చేస్తే ఉబికిన అక్షరం గుంటగా మారిపోతుంది. అచ్చులో గుంట ఏదో ఉబుకు ఏదో తెలిసిన ఛత్తా బజారు పనివాడికి ఇది కొత్త పాఠం కాదు. ఇంకా ముందుకు పోతే, మ్యాప్ ఆబ్జెక్ట్ అనే మరో సాధనం బొమ్మను గోళానికో, పెట్టెకో, స్తంభానికో చుట్టి, దీపం ఎక్కడ పెట్టాలో మనల్నే నిర్ణయించుకోమంటుంది.

ఇంత చేసినా గింప్ కట్టిన వస్తువుకు వెనక వైపు లేదు. అది ఆషుర్‌ఖానాలోని రంగుబొమ్మ పలక వంటిదే. చుట్టూ తిరిగి చూడగల వస్తువు కావాలంటే బ్లెండర్ వంటి సాధనం కావాలి. దాని కథ మరీ బోధపరిచేది. డచ్చివాడైన టాన్ రోజెన్‌డాల్ 1994లో దాన్ని మొదలుపెట్టాడు. దాన్ని అమ్మటానికి పెట్టిన కంపెనీ 2002లో దివాలా తీయగా, బ్లెండర్ అప్పులవాళ్ల పాలయింది. లక్ష యూరోలు కడితే విడిపిస్తామన్నారు. వాడకందార్లు చందాలు వేసుకుని ఏడు వారాలలో ఆ లక్షా పోగుచేశారు. 2002 అక్టోబరు 13న బ్లెండర్ జీపీఎల్ కింద ప్రజలపరమయింది. తెలంగాణ పల్లెల్లో తాతల అప్పు కింద తరతరాలు వెట్టిచేసిన భగేలాల సంగతి తెలిసినవారికి ఈ విముక్తి విలువ వేరే చెప్పనక్కరలేదు. 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ పొందిన ఫ్లో అనే లాత్వియా చిత్రాన్ని బ్లెండర్‌తోనే తీశారు.

గింప్‌లో వేసిన నలుపు తెలుపుల ఎత్తుబొమ్మను బ్లెండర్‌కు ఇస్తే అది నిజమైన ఎగుడుదిగుడు తలంగా లేస్తుంది. ఆ తలాన్ని లోహం చెక్కే కంప్యూటరు యంత్రానికి ఇస్తే ఉబ్బెత్తు అచ్చు తయారవుతుంది. మేస్త్రీ సున్నంలోనుంచి నీడలోకి, నీడ నుంచి అంకెలలోకి పోయిన లోతు మళ్లీ వేలికి తగిలే వస్తువుగా తిరిగివస్తుంది. ఈ దారి పొడుగునా చందా అడిగే గేటు సాఫ్ట్‌వేర్‌లో ఎక్కడా అవసరం లేదు.

6

ఇక ఆక్షేపణలు. వాటిని దాటవేసే వ్యాసం ప్రచారమవుతుంది గాని విమర్శ కాదు.

మొదటిది: మన బజార్లలో ఖరీదైన సాఫ్ట్‌వేర్ దొంగ కాపీగా ఎలాగూ దొరుకుతున్నది, ఉచితం కోసం ఇంత హంగామా ఎందుకు? దొంగ కాపీలు దేశమంతటా ఉన్నవే, ఛత్తా బజారును వేరుగా తప్పుపట్టనవసరం లేదు. కాని ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. దొంగ కాపీ వాడేవాడు డబ్బు కట్టడం లేదు, అంతే. అతనికి లోపల చూసే వీలు రాదు, తన భాషకు తగినట్టు మార్చుకునే వీలు రాదు, దాడి జరిగిననాడు నిలబడి మాట్లాడే నోరు కూడా ఉండదు. దొంగ కాపీ మార్కెట్టును కంపెనీకే అలవాటు చేసిపెడుతుంది. ఒక తరం మొత్తం ఒకే పనిముట్టు మీద చెయ్యి తిప్పుకున్న తరవాత, చందా కట్టటం తప్ప దానికి మరో దారి తోచదు.

రెండవది బరువైన ఆక్షేపణ: గింప్ పనికి చాలదు. ఇందులో నిజం ఉన్నది. ఆఫ్‌సెట్ అచ్చుకు నాలుగు రంగుల విభజన కావాలి. గింప్ దాన్ని చాలా ఏళ్లు సరిగా అందించలేదు. ప్రెస్సువాడు గింప్‌ను పక్కన పెట్టటానికి ఇది న్యాయమైన కారణం. 2018లో 2.10 వెర్షన్ వచ్చాక 3.0 రావటానికి 2025 దాకా పట్టింది. పనిచేసేవారు కొద్దిమంది, అందులోనూ ఎక్కువమంది తీరిక వేళల్లో చేసేవారు. ఈ లోపాన్ని ఆదర్శాల మాటలతో కప్పిపుచ్చటం ఉద్యమానికే హాని. పేజీ కూర్చటానికి స్క్రైబస్ వంటి స్వేచ్ఛా సాధనం ఉన్నదనీ, అది నాలుగు రంగులనూ చూసుకుంటుందనీ, రెంటినీ కలిపి వాడవచ్చుననీ చెప్పాలి. నేర్పాలి. పనివాడు వాదం విని పనిముట్టు మార్చడు. పని జరగటం కళ్లారా చూసి మారుస్తాడు.

మూడవది మనవాళ్ల నుంచే రావలసిన ఆక్షేపణ: పనిముట్టు స్వేచ్ఛగా ఉన్నంత మాత్రాన పనివాడు స్వేచ్ఛగా ఉంటాడా? ఉండడు. హైదరాబాదులో కూడా స్టూడియో నడిపిన రిథమ్ అండ్ హ్యూస్ అనే అమెరికా కంపెనీ లైఫ్ ఆఫ్ పై చిత్రంలో పులిని సృష్టించింది. 2013 ఫిబ్రవరిలో ఆ పనికి ఆస్కార్ వచ్చింది. అదే నెలలో, బహుమతికి కొద్ది రోజుల ముందే, ఆ కంపెనీ దివాలా పిటిషను వేసింది. పులిని ఘనంగా నిలబెట్టిన చేతులకు తమ ఉద్యోగం నిలుస్తుందన్న భరోసా లేదు. ఏ సాఫ్ట్‌వేర్ లైసెన్సూ వారిని కాపాడలేదు. అటువంటి చోట కావలసినది సంఘం, వేతన ఒప్పందం, పనిగంటల మీద హద్దు. ఇప్పుడు మాట చెబితే బొమ్మ గీసే కృత్రిమ మేధ యంత్రాలు వచ్చాయి. లక్షల చేతుల గీతలను పోగుచేసి వాటితోనే పోటీకి దిగుతున్నాయి. నూరీ నస్తాలీఖ్‌లో ఒక లేఖకుడి విషయంలో జరిగినది ఇప్పుడు లేఖకులందరి విషయంలో జరుగుతున్నది. అప్పుడు కనీసం రాసినవాడి పేరు మనకు తెలుసు.

అయినా పనిముట్టు ప్రశ్న చిన్నదేమీ కాదు. భూమి పంచినంత మాత్రాన రైతు కష్టాలన్నీ తీరవని భూమి పంపకాన్ని ఎవరం వద్దనలేదు. పనిముట్టు చేతిలో ఉన్నవాడు బేరమాడగలడు, నేర్చుకోగలడు, నేర్పగలడు.

7

తెలుగునాట ఈ పని అసలు మొదలు కాలేదనటం అన్యాయం. 2005లో హైదరాబాదులో ఏర్పడ్డ స్వేచ్ఛ అనే సంస్థ కంప్యూటరు తెరను తెలుగులోకి తెచ్చే పని తలపెట్టి, ఇంజనీరింగు కళాశాలల విద్యార్థులను స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వైపు నడిపించింది. తిరుమల కృష్ణ దేశికాచారి పోతన, వేమన ఫాంట్లను తయారుచేసి అందరికీ ఇచ్చారు. సిలికానాంధ్ర పూనికతో మరికొన్ని తెలుగు ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సు కింద వచ్చాయి. నోటో నస్తాలీఖ్ ఉర్దూ అనే ఫాంటు కూడా అలాగే అందుబాటులో ఉన్నది. అంటే ముడిసరుకు ఉన్నది, పనిముట్టు ఉన్నది, శాస్త్రం ఉన్నది.

లేనిదల్లా వీటికీ పాతబస్తీ పనివాడికీ మధ్య దారి. విద్యార్థి గింప్‌ను కళాశాలలో ఇంగ్లీషులో నేర్చుకుని పరీక్ష రాసి మరిచిపోతున్నాడు. ఛత్తా బజారు పనివాడు తన కొడుక్కు ఖరీదైన సాఫ్ట్‌వేర్‌లోని మీటల వరస నేర్పుతున్నాడు గాని, మీట వెనక ఏ లెక్క నడుస్తున్నదో చెప్పలేడు, ఎందుకంటే ఆ లెక్కను అతనికి చూపించినవాడు లేడు. వెలుగు దిక్కు మారితే ఉబుకు గుంట అవుతుందన్న సంగతి అతనికి చేతి అనుభవంగా తెలుసు, విద్యార్థికి సూత్రంగా తెలుసు. ఈ రెండు జ్ఞానాలూ ఒక బల్ల దగ్గర కలిసి కూర్చున్నది చాలా అరుదు.

ఉపాధ్యాయులు చెయ్యగల పని ఇక్కడే ఉన్నది. ఫోంగ్ సూత్రాన్ని లక్కగాజుతో చెప్పవచ్చు. ఎత్తుబొమ్మను చార్మినారు గచ్చుపనితో చెప్పవచ్చు. 2019లో వానలకు చార్మినారు మినారు గచ్చుపనిలో కొంత భాగం ఊడి కిందపడింది. అటువంటి పనిని ఊడిపడకముందే కొలిచి, ఘనరూపంగా బ్లెండర్‌లో నిలిపి ఉంచటం కళాశాల విద్యార్థుల శక్తికి మించినది కాదు. పాతబస్తీలో ఇంకా కలం పట్టగల కాతిబులున్నారు. వారి అక్షరాలను వారి పేరుతోనే, వారి అంగీకారంతోనే, తాళం లేని ఫాంట్లుగా మార్చవచ్చు. గింప్ మీటలను తెలుగులోనూ దక్కనీ ఉర్దూలోనూ వివరించే చిన్న పుస్తకాలు రాయవచ్చు. వీటిలో ఏదీ విప్లవం కాదు. కాని తన పనిముట్టు లోపల ఏమున్నదో తెలిసిన పనివాడిని మోసగించటం కష్టం. కంపెనీలు సాఫ్ట్‌వేర్‌కు తాళం వెయ్యటంలో ఆ కారణం కూడా ఉన్నది. తాళం తీసిపెట్టిన పనిముట్లు ఇప్పటికే మన ముందున్నాయి. వాటిని బజారు దాకా మోసుకుపోవటం మన వంతు.